ఎన్‌ఐసీయూ బిల్లులో బ్రెస్ట్ పంప్ అద్దె ఎవరి ఖాతాలోకి వస్తుంది?

మా పాప నెలలు నిండకముందే పుట్టి, విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల అత్యవసర చికిత్స విభాగం) ఉన్నప్పుడు, బిల్లులోని ఎలక్ట్రిక్ బ్రెస్ట్ పంప్ (తల్లిపాలను పిండే యంత్రం) అద్దెను బీమా సంస్థ కొట్టివేసింది. మొత్తం బిల్లుతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తం. అయినా నేను ఊరుకోలేకపోయాను. పాపకు పాలు ఎక్కించిన ఫీడింగ్ ట్యూబుకు డబ్బు చెల్లించి, ఆ ట్యూబులోకి పాలు అందించిన యంత్రానికి మాత్రం చెల్లించకపోవడం నాకు ఏ విధంగానూ సబబుగా తోచలేదు.

సుమారు 34 వారాలలోపు పుట్టిన శిశువుకు చప్పరించడం, మింగడం, ఊపిరి పీల్చుకోవడం అనే మూడు పనులనూ పొందికగా చేసే శక్తి సాధారణంగా ఉండదు. అందుకే తల్లి పాలను పిండి, సన్నని గొట్టం ద్వారా నేరుగా కడుపులోకి ఇస్తారు. ఇలాంటి శిశువుల పేగులకు వచ్చే ప్రమాదకరమైన జబ్బు నుంచి తల్లిపాలు కొంత రక్షణ ఇస్తాయి కనుక, పిల్లల వైద్యులు వాటిని మందుతో సమానంగా చూస్తారు. అయితే బిడ్డ నోరు పెట్టి తాగని తల్లికి పాలు నిలవాలంటే, కాన్పయిన కొద్ది గంటలకే మొదలుపెట్టి, రాత్రి వేళతో సహా రోజుకు కనీసం ఎనిమిది సార్లు పిండాలి. మొదటి రోజుల్లో ముర్రుపాలను చేత్తో పిండడం నర్సులు ఎంతో ఓపికగా నేర్పించారు. కానీ సిజేరియన్ కుట్లతో, ఆ వేళల ప్రకారం, వారాల తరబడి చేత్తోనే పిండడం ఎంత కష్టమో ఆ స్థితిలో ఉన్న ప్రతి బాలింతకూ తెలుసు.

బీమా సంస్థ చూపిన కారణం ‘బేబీ యుటిలిటీస్’ అన్న పదం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణీకరణ మార్గదర్శకాల్లో, పాలసీలో ప్రత్యేకంగా చేర్చితే తప్ప చెల్లించనక్కర్లేని 68 వస్తువుల జాబితా ఒకటి ఉంది. అందులో మొదట బేబీ ఫుడ్, ఆ తర్వాత బేబీ యుటిలిటీస్, మరికొంత కిందకు వెళితే డైపర్లు కనిపిస్తాయి. పంప్ పేరు విడిగా లేదు. పాల సీసాలు, తువ్వాళ్ల వరుసలో దాన్ని కూడా కలిపేశారు.

ఇంతకంటే జటిలమైన చిక్కు మరొకటి ఉంది: పంప్ ఖర్చు తల్లిదా, బిడ్డదా? ‘ప్రసవం కారణంగా అయిన వైద్య ఖర్చులు’ అనే నిర్వచనం కింద తల్లి ఖాతాలో రాస్తే, అది మెటర్నిటీ పరిమితిలోకి వస్తుంది. ఆ పరిమితి, ఉద్యోగుల కోసం సంస్థలు తీసుకునే చాలా గ్రూపు పాలసీల్లో సిజేరియన్‌తోనే అయిపోతుంది. బిడ్డ ఖాతాలో రాస్తే, పుట్టిన రోజు నుంచే శిశువుకు రక్షణ ఇచ్చే పాలసీల్లో కుటుంబ బీమా మొత్తం నుంచి అడిగే అవకాశం దొరుకుతుంది. పరికరం వాడేది తల్లి శరీరం మీదే అయినా, చికిత్స అందుతున్నది ఎన్‌ఐసీయూలో ఉన్న బిడ్డకు. కాబట్టి బిడ్డ ఖాతాలో రాయడమే న్యాయమని నా నిశ్చితాభిప్రాయం. ఈ సంగతి డిశ్చార్జ్ సమయంలో కాక, అడ్మిషన్ రోజుల్లోనే ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌తో మాట్లాడుకోవాలి.

డాలస్‌లో ఉంటున్న మా చెల్లెలికి ఈ గొడవ లేకుండా పోయింది. అమెరికాలో 2010 నాటి ఆరోగ్య సంరక్షణ చట్టం కింద, 2012 ఆగస్టు 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన పాలసీ సంవత్సరాల నుంచి, చట్టానికి ముందున్న కొన్ని పాత ప్లాన్లు మినహా చాలా ప్లాన్లు తల్లిపాలకు సంబంధించిన సలహాను, పరికరాలను రోగి చెల్లించే వాటా లేకుండా ఇవ్వాలి. పంప్ కొత్తదా అద్దెదా, చేత్తో నడిపేదా ఎలక్ట్రిక్‌దా అన్నది ప్లాన్ నిబంధనలను బట్టి ఉంటుంది. అక్కడి తల్లులు త్వరగా ఉద్యోగాలకు వెళ్లాలి కనుక వారికి అది అవసరమని, మనకు 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు ఉంది కదా అని ఇక్కడ కొందరు నాతో అన్నారు. బిడ్డ ఇంక్యుబేటర్‌లో ఉన్న తల్లికి ఎంత సెలవు ఇచ్చినా పంప్ అవసరం తీరదు.

బీమా సంస్థ ఫిర్యాదుల అధికారికి నేను రాసిన లేఖతో పాటు, పిల్లల వైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రాన్ని జతచేశాను. పాప ఎన్ని వారాలకు పుట్టింది, నోటితో ఎందుకు తాగలేకపోయింది, తల్లిపాలు ఏ కారణంతో సూచించారు, పంప్ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వాడారు అన్నవన్నీ అందులో స్పష్టంగా ఉన్నాయి. బిల్లులో కేవలం ‘కిట్’ అని ఉన్న చోట ఆసుపత్రి చేత వివరంగా రాయించాను. వివరం లేని కిట్లు కూడా ఆ 68 వస్తువుల జాబితాలోనివే. చివరికి ఆసుపత్రిలో వాడిన కాలానికి అద్దె చెల్లించారు. కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రి దగ్గరి సర్జికల్ దుకాణంలో ఇంటి కోసం కొన్న పంప్‌కు మాత్రం, ఇంట్లో వాడే పరికరమన్న కారణంతో ఇవ్వలేదు. ఆ మినహాయింపు పాలసీలో స్పష్టంగా రాసి ఉంది కనుక దానిపై ముందుకు వెళ్లలేదు.

మొదటి లేఖతోనే పని జరగకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, ఏడాదిలోగా, బీమా ఫిర్యాదులను పరిష్కరించే అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్ వారికి ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. రుసుము లేదు, వకీలు అవసరం లేదు.

ఇక మా సంస్థ గ్రూపు పాలసీ పునరుద్ధరణకు వస్తోంది. ‘ఎన్‌ఐసీయూలో ఉన్న శిశువుకు వైద్యుడు సూచించిన బ్రెస్ట్ పంప్ అద్దె గానీ, కొనుగోలు ఖర్చు గానీ, శిశువు చికిత్సలో భాగంగా చెల్లించబడును’ అన్న ఒక్క వాక్యాన్ని చేర్చమని హెచ్‌ఆర్ విభాగానికి లేఖ ఇచ్చాను. పలువురు సహోద్యోగులు దాని మీద సంతకాలు చేశారు. దీనికి ప్రీమియం ఎంత పెరుగుతుందో చెప్పమని హెచ్‌ఆర్ వారు బీమా బ్రోకరును అడిగారు.