పాండవుల గుట్టల్లో మేకల తొవ్వ

నలభై రెండేళ్ల వయసులో గుట్టలెక్కడం నేర్చుకుంటానని చెప్పినప్పుడు ఇంట్లో అందరూ నవ్వారు. హనుమకొండలో బ్యాంకు ఉద్యోగం, సాయంత్రం వేయిస్తంభాల గుడి దాకా నడక, ఇంతకు మించి నా కాళ్లకు ఎన్నడూ పని చెప్పలేదు. మధ్యాహ్నం నీడ ఉత్తరం చూపుతుందని ఎక్కడో చదివి, జూన్‌లో ఒకనాడు మేడమీద గజం కర్ర నిలబెట్టి చూస్తే, బెత్తెడు నీడ దక్షిణానికి పడింది. మన ఊరి మీద మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడనీ, ఆ పుస్తకాల సూత్రం చలిదేశాలకు రాసినదనీ తరువాత తెలిసింది. కర్ర నీడ కొసన ఒక గుర్తు పెట్టి, పావుగంట ఆగి రెండో గుర్తు పెడితే, మొదటిది పడమర, రెండోది తూర్పు అన్న పద్ధతి మాత్రం ఇక్కడ కూడా పనికి వస్తుంది.

పర్వతారోహణలో శిక్షణ పొందిన మా వీధి తమ్ముడొకడు సెప్టెంబరు నుంచి ప్రతి ఆదివారం నన్ను పద్మాక్షి గుట్టకు తీసుకుపోయాడు. ఐదు కిలోల బియ్యం బ్యాగులో వేసుకొని ఎక్కి దిగడమే మొదటి పాఠం. ఎక్కేటప్పటి ఆయాసానికి సిద్ధపడే వెళ్లాను గానీ, అసలు దెబ్బ దిగేటప్పుడు తగిలింది. చీలమండ దగ్గర లేసు వదులుగా ఉండడం వల్ల ప్రతి అడుగుకూ వేళ్లు బూటు ముందు భాగానికి కొట్టుకొని, మూడో వారానికి రెండు బొటనవేళ్ల గోళ్లు నేరేడు పండు రంగుకు వచ్చాయి. అప్పటి నుంచి దిగే ముందు ఒక బండ మీద కూర్చొని, మడమను బూటు వెనక్కి నెట్టి, లేసులు మళ్లీ బిగించుకుంటున్నాను. రాత్రిళ్లు మంచం కోడుకు తాడు కట్టి ఎనిమిది అంకె ఆకారంలో వేసే ముడి సాధన చేశాను. నిప్పు రాజేయడం ఇంటి పెరట్లోనే నేర్చుకున్నాను, ఎందుకంటే రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం, పైగా ఎండాకు మీద ఒక్క నిప్పురవ్వ చాలు. అడవిలో మంటలు రాజేసే వీడియోలు చూసి మోజు పడేవాళ్లకు ఎన్ని నీళ్లు మోసుకుపోవాలన్న లెక్క ముందు నేర్పాలని నా అభిప్రాయం.

డిసెంబరులో రేగొండ మండలంలోని పాండవుల గుట్టలకు వెళ్లాం. బయలుదేరే ముందు తమ్ముడు ఒకటే అడిగాడు: "అన్నా, ఎన్ని గంటలకు వెనక్కి మళ్లుతవో ముందుగాల చెప్పు." రెండు గంటలకని చెప్పాను. ఆదిమానవుల రాతిచిత్రాలు చూసి, పైన సద్ది తిని, సరిగ్గా రెండింటికి దిగడం మొదలుపెట్టాం. దారి నన్నే చూపమన్నాడు. శుభ్రంగా, గట్టిపడి కనిపించిన ఒక బాట పట్టుకొని ఇరవై నిమిషాలు నడిపించాక, అది రెండు బండల మధ్య సన్నటి చీలికలో ముగిసిపోయింది. చుట్టూ మేకల పెంటికలు. గుండె దడదడలాడింది. కాళ్లు పరుగెత్తమంటున్నా, నేర్చుకున్నట్టుగానే కూర్చున్నాను. లీటరు నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి తెచ్చుకున్న సీసాలోంచి నాలుగు గుక్కలు తాగి, విజిల్ మూడుసార్లు ఊది, ఆగి, మళ్లీ మూడుసార్లు ఊదాను. దారి తప్పానని తమ్ముడికి ముందే తెలుసట. తెలిసీ నోరు మెదపనందుకు అతని మీద నాకు ఇప్పటికీ కొంచెం కోపమే.

పావుగంటకు భుజాన సొరకాయ బుర్రతో ఒక ముసలి కాపరి వచ్చాడు.

"సారూ, ఇది మేకలు వొయ్యే తొవ్వ. అవి ఆకు కోసం వోతయి, ఊరికి వోవు."

"కింద ఇంత సాఫుగ ఉంది కద తాతా?"

"కిందనే చూసినవు. నడుముకాడ చూడు."

చూస్తే, నేల శుభ్రంగానే ఉంది. కొమ్మలు మాత్రం నా నడుము ఎత్తున బాటకు అడ్డంగా అల్లుకొని ఉన్నాయి. మనుషులు నడిచే తొవ్వలో భుజాలు, తల తగిలే ఎత్తు దాకా కొమ్మలు విరిగో, నరికో ఉంటాయి. మేక కిందనుంచి దూరిపోతుంది కాబట్టి దానికి ఆ అవసరం లేదు. తాత వెనుక నడిచి, చీకటి పడకముందే కిందికి చేరాం.

జనవరిలో మళ్లీ వెళ్లినప్పుడు ఆ బాట మొదలయ్యే చోట కావాలనే ఆగాను. నాలుగడుగుల లోపలే ఒక తునికి కొమ్మ నడుముకు అడ్డంగా ఉంది. మొదటిసారి దాన్ని చేత్తో పక్కకు తోసుకొని పోయింది నేనే.