పాప దవడ పళ్లకు సీలెంట్ వేయించాను

పెద్దోడి దవడ పన్ను పుచ్చితే, పాలపన్నే కదా, ఊడిపోతుందిలే అనుకున్నాం. కాదు. ఆరేళ్లప్పుడు, ఏ పాలపన్నూ ఊడకుండానే వెనకాల మొలిచే శాశ్వత పన్ను అది. రాత్రంతా బుగ్గ పట్టుకుని ఏడ్చాడు, ఆ ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

అందుకే పాపకు ఆ పళ్లు పూర్తిగా రాగానే తిరుపతి బైరాగిపట్టెడలో పళ్ల డాక్టరమ్మకు చూపించాను. కొండ లడ్డూలో పటికబెల్లం పలుకులు దానికి ప్రాణం. ఆ తీపంతా పంటి మీది సన్నని గాళ్లలో ఇరుక్కుంటుంది, బ్రష్షు పోగు కూడా అక్కడికి దూరదు. సూది లేదు, డ్రిల్లింగ్ లేదు. జెల్ రాసి, కడిగి, ఆరబెట్టి, ఆ గాళ్లను మూసేసే తెల్లటి పూత, అంటే సీలెంట్, పూసి నీలం లైటు పెట్టారు. గట్టిపడింది.

ఆరు నెలలకోసారి చూపించాలి, సీలెంట్ ఊడితే మళ్లీ వేస్తారు. పన్నెండేళ్లకు వచ్చే దవడ పళ్లకూ వేయిస్తాను.