బుడగల తుపాకీ: బ్రీచ్ దగ్గర గాలి ఆగట్లేదు

ఈసారి కూడా అంతే. బ్రీచ్ (బ్యారెల్ వచ్చి సిలిండర్‌కి ఆనే చోటు) మీద టిష్యూ ముక్క పెట్టి కాలిస్తే తూనీగలా లేచిపోయింది! ఒళ్లు మండిపోతోంది.

తీర్థాల్లో బుడగలు కాల్పించే కొట్టు పెట్టే పెద్దాయన దగ్గర తీసుకున్న .177 (4.5 మి.మీ.) గాలి తుపాకీ ఇది, బ్యారెల్ మడిచి ఎక్కుపెట్టేది. అంతర్వేది ఉప్పుగాలికి అక్షరాలన్నీ తుప్పులో కలిసిపోయాయి. బ్రిటన్ వాళ్ల బీఎస్ఏ మీటియర్ అయితే నంబరు ముందు ఎన్ గానీ టీ గానీ కనపడాలి, లేదు. ట్రిగ్గర్ విప్పితే మూడు స్టీలు బంతులు లేవు, కాబట్టి బంతుల ట్రిగ్గరుండే జర్మనీ డయానా 27 కాదు. పేరు చెప్పి పార్టు అడిగే దారి లేదు, వెర్నియర్‌తో కొలుచుకోవడమే దిక్కు.

మెయిన్ స్ప్రింగ్ సరిపోయింది: తీగ 3.1 మి.మీ., బయటి వ్యాసం 19.6. పిస్టన్ తోలు కూడా కుదిరింది.

బాధంతా బ్రీచ్ సీల్‌తోనే. గాడి బయటి వ్యాసం 15.2, లోపల 9.0, లోతు 2.6. ముందు మోటార్ల కొట్లో దొరికిన 3 మి.మీ. రబ్బరు ఓ-రింగ్ వేశాను, గాలి పోయింది. తర్వాత చెప్పుల తోలు కోసి, రాత్రంతా నూనెలో నానబెట్టి, గాడిపైకి 0.35 వచ్చేలా కూర్చాను. ఇంకా ఎక్కువ పోయింది. అడుగున ఎక్స్‌రే ఫిల్ము ముక్క వేసి ఎత్తు పెంచితే మరీ ఘోరం. సీల్ ఎత్తయ్యేకొద్దీ గాలి పెరగడమేంటి? అక్కడే అనుమానం వచ్చింది.

గుండు తీసేసి, స్ప్రింగ్ వదిలేసి ఉండగా సిలిండర్ ముఖానికి స్టాంపు ప్యాడ్ ఇంకు రాసి, బ్యారెల్ మూసి తీశాను. తోలు మీద కింది సగానికే ఇంకంటింది. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకులు) పెడితే పైన 0.10 రేకు సాఫీగా దూరింది, కింద 0.05 కూడా దూరలేదు. అంటే బ్యారెల్ పూర్తిగా మూసుకోవట్లేదు. మందం సీల్ దాన్ని ఇంకా తెరుస్తోంది.

బ్యారెల్ మడతపడే ఇరుసు పిన్ను 7.92 ఉంది. కన్నం అడ్డంగా 8.10, నిలువుగా 8.24. రాజోలు లేతు మేస్త్రి చూసి, "పిన్ను మారిస్తే సరిపోదండీ, కన్నం కోలగా అరిగిపోయిందండీ" అన్నారు. బ్యారెల్‌ని మూసి పట్టే లాక్ గూటం మొన కూడా నున్నగా అరిగింది, దాని వెనక స్ప్రింగ్ బొటనవేలితో నొక్కితే లోపలికి పోతోంది. నా లెక్కలో ముఖ్యమైన దోషం కన్నానిదే, గూటం దానికి తోడు.

చాలామంది డబ్ల్యూడీ-40 కొట్టమంటారు. అది తుప్పు వదిలించడానికి. సిలిండర్‌లో పోస్తే పొగ, పెద్ద చప్పుడు, ఎండిపోయిన తోలు తప్ప ఏమీ మిగలదు. సింథటిక్ సీళ్ల కంటే నూనె తాగిన తోలే నాకు నమ్మకం, గీతలు పడ్డ పాత సిలిండర్‌కి అది ఒదుగుతుంది.

కన్నాన్ని 8.5కి రీమ్ చేయించి (గుండ్రంగా పెద్దది చేయించి), సిల్వర్ స్టీలు (వెండి కాదు, గట్టి టూల్ స్టీలు) రాడ్‌తో కొత్త పిన్ను చేయిస్తాను. తర్వాతే గూటం. ఇప్పుడు అయిదు మీటర్ల నుంచి బట్టల సబ్బులో గుండు 9 మి.మీ. దిగుతోంది, అప్పుడు మళ్లీ కొలవాలి.

పెద్దాయన దగ్గర డయానా అని రాసున్నది ఇంకొకటుందట. గ్రేట్ బ్రిటన్ అని ఉంటే అది స్కాట్లాండ్ మిల్‌బ్రో కంపెనీ వాళ్లది, జర్మనీలోని రాస్టాట్‌లో చేసే అసలు డయానా పార్టులు సరిపోతాయని అనుకోకూడదు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఆయన వస్తారు, వెర్నియర్ పట్టుకునే వెళ్తాను.