మూడో తరగతిలో అక్షరాల దగ్గర ఆగిన పిల్లలు: నా అనుభవం

2022 జూన్‌లో మా బడిలో మూడో తరగతికి వచ్చిన పిల్లలు అసలు ఒకటో తరగతి చూడనివాళ్లు. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది ఒకటో తరగతి రిజిస్టర్లో పేర్లు ఎక్కాయి గానీ పిల్లలు ఇళ్ల దగ్గరే ఉండిపోయారు. 2021 సెప్టెంబరులో బడి తెరిచేసరికి వాళ్లు రెండో తరగతి. మాది నారాయణఖేడ్ వైపు తండా బడి. ఐదు తరగతులకు ఇద్దరం టీచర్లం.

ఆ ఏడాదే తెలంగాణలో ప్రాథమిక బడుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పే 'తొలిమెట్టు' కార్యక్రమం మొదలైంది. ముందుగా ప్రతి పిల్లనూ విడిగా కూర్చోబెట్టుకుని చదివించి చూడాలి. అక్షరం, మాట, చిన్న పేరా, కథ, ఇలా ఎక్కడిదాకా రాగలరో చూశాను. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పల్లెల్లో పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వేలోనూ ఇదే వరస. దేశం మొత్తం మీద పల్లెల్లోని మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 27.3 శాతం ఉంటే 2022లో 20.5 శాతానికి పడిపోయారని ఆ సర్వే చెప్పింది. మా తరగతిలో కథ చదివినవాళ్లు ఒక్కరూ లేరు. సగానికి పైగా అక్షరాల దగ్గరే ఆగారు.

అందరూ చదువులో వెనకబడ్డారు, నిజమే. కానీ రాకపోవడానికి కారణం అందరికీ ఒకటి కాదు. అందుకని ఒక నోటుబుక్కులో ఒక్కో పిల్లకు ఒక్కో పేజీ పెట్టుకున్నాను.

ఒక పాప పుస్తకంలోది చదివేది, బోర్డు మీదిది మాత్రం పక్కవాళ్లను చూసి రాసేది. కంటి పరీక్ష చేయిస్తే చూపు తక్కువని తేలింది. "ఆడపిల్లకు అద్దాలెందుకు టీచరమ్మా, రేపు పెళ్లి కావద్దా" అని వాళ్ల నాన్న అన్నాడు. ఆయన్ను ఒప్పించడానికే చాలా రోజులు పట్టింది. అద్దాలొచ్చాక ఆ పాపకు నేను ప్రత్యేకంగా నేర్పాల్సింది పెద్దగా ఏమీ లేకపోయింది.

ఎక్కువమందికి అడ్డొచ్చింది మాత్రం భాషే. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. ఒక పాప 'చెరువు' అని తప్పు లేకుండా చదివింది. "అంటే ఏంటమ్మా?" అని అడిగితే నా ముఖం చూసింది. రోజూ నీళ్లలో ఆడుకునే పిల్లే. అర్థం తెలియని మాటను ఎన్నిసార్లు చదివించినా మనసులో నిలవదు. అందుకే తండాలోని ఒక అవ్వను బడికి పిలిచి కథలు చెప్పించాం. పిల్లలు అందులోంచి మాటలు చెబితే తెలుగు లిపిలో చార్టు మీద రాశాను. యాడి (అమ్మ), బాటి (రొట్టె), పాణి (నీళ్లు)... అప్పటికే నోట్లో ఉన్న మాటలు కదా, చూడగానే పట్టేశారు. వాటి కింద అవే మాటలు తెలుగులో రాస్తే వాటినీ తడబడకుండా చదివారు. నాకూ వాళ్ల దగ్గర నాలుగు లంబాడీ మాటలు వచ్చాయి. పిల్లలకు నా మీద చనువు పెరిగింది, చనువుతో పాటు నోరూ విప్పారు.

ఆ ఏడాదే ఇంగ్లీషు మీడియం కూడా వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. తల్లిదండ్రులు ఇంగ్లీషు కోరుకోవడంలో తప్పేమీ లేదు. అయితే మా పిల్లలకు అది మూడో భాష. రెండో భాషలోనే చదవడం రాని పిల్ల మీద మూడోది పెడితే బరువు మోయాల్సింది ఆ పసిదే. దీని గురించి చుట్టుపక్కల బడుల టీచర్లందరం కలిసే కాంప్లెక్స్ సమావేశంలో గట్టిగానే మాట్లాడాను.

ఇక ఒత్తులు. అక్షరాలూ గుణింతాలూ అన్నీ అయ్యాకే ఒత్తులు చెప్పడం అలవాటు. కానీ పిల్లలకు తెలిసిన మాటలే అమ్మ, అన్న, అత్త, అయ్య, పిల్ల. మ, న, త, య, ల ఒత్తులేమో అసలు అక్షరంలా కనిపించవు. వరస పక్కన పెట్టి ఆ ఐదు మాటలతోనే మొదలుపెట్టాను. పొద్దున ఒక గంట తరగతుల లెక్క వదిలేసి, ఎవరు ఎంతవరకు చదవగలరో చూసి గుంపులు చేశాం. మూడో తరగతి పిల్ల ఐదో తరగతి పిల్ల పక్కన కూర్చుంది. కూడబలుక్కుని చదివేవాళ్లు మాట చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయేవాళ్లు. అందుకని ఒకే చిన్న పేజీని రోజూ చదివించాను, తడబాటు పోయాకే పేజీ తిప్పాం.

దసరా దాటాక చెరుకు నరకడానికి వలసలు మొదలయ్యాయి. కొందరి తల్లులతో మాట్లాడి పిల్లల్ని అవ్వల దగ్గర ఆపించగలిగాను. వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్ మంజూరు కావడం ఆలస్యమైంది, ఈలోగా కొన్ని కుటుంబాలు పిల్లలతో సహా వెళ్లిపోయాయి. ఎండాకాలం ముందు తిరిగొచ్చిన ఆ పిల్లలకు గుణింతాలు మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. ఈ ఒక్క విషయం తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ హాస్టల్ దసరాకే తెరిస్తే సరిపోయేది.

ఏప్రిల్‌కి ఉన్నవాళ్లలో చాలామంది పేరా చదివారు, కొందరు కథదాకా వచ్చారు. ఒక బాబు మాత్రం కదల్లేదు. చూపు బాగుంది, వినికిడి బాగుంది, రోజూ బడికొస్తాడు, నోటి లెక్కల్లో అందరికంటే ముందుంటాడు. అక్షరాలు మాత్రం ఈ రోజు గుర్తుంటే రేపుండవు. వాళ్ల అమ్మను వెంటబెట్టుకుని మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి వెళ్లాను. చదవడంలో వచ్చే ఇలాంటి ఇబ్బందిని 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా వైకల్యంగా గుర్తించింది. "సర్టిఫికెట్ తీసుకుంటే నా కొడుకుని పిచ్చోడంటారేమో" అని ఆమె భయం. అది తెలివికి సంబంధించింది కాదనీ, పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లకు పనికొస్తుందనీ చెప్పాను. పూర్తి పరీక్షలకు జిల్లా ఆసుపత్రికి వెళ్లాలి. ఆమె ఒప్పుకుంది. సెలవుల్లో కూలికి పోని రోజు చూసి ముగ్గురం వెళ్దామనుకున్నాం.