మళ్లీ 22వ నిమిషానికే

నిన్న సాయంత్రం కూడా ఆగిపోయింది, వరసగా ఐదోసారి. నా 1943 ఫోర్డ్ జీపీడబ్ల్యూ (రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపు) చల్లగా ఉన్నప్పుడు స్టార్టర్ మీద కాలు వేస్తే చాలు, వెంటనే అందుకుంటుంది. 20 నిమిషాలు హాయిగా నడుస్తుంది. 22 దగ్గర ఒక దగ్గు, ఇంకో దగ్గు, అంతే. అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది.

ఎవర్ని అడిగినా వేపర్ లాక్, అంటే వేడికి పెట్రోల్ దారిలోనే ఆవిరై ఇంజిన్‌కి అందకపోవడం, అనే అన్నారు. నేనూ నమ్మి రెండు వారాంతాలు తగలేశాను. ఈ ఇంజిన్‌లో పెట్రోల్ పంపు, కార్బురేటర్, మానిఫోల్డ్ ఒకే పక్కన ఉంటాయి కాబట్టి అనుమానం రావడంలో వింతేం లేదు. ఆగిన వెంటనే కొలిస్తే పంపు 61 డిగ్రీలు, కార్బురేటర్ గిన్నె 66. పంపుకి రేకు అడ్డం పెట్టి, పైపుకి ఇన్సులేషన్ చుట్టాక పంపు 52కి దిగింది. బండి 23వ నిమిషానికి ఆగింది! ట్యాంకు మూత వదులు చేసినా అదే కథ. చివరికి, ఆగీ ఆగగానే కార్బురేటర్ విప్పితే గిన్నెలో పెట్రోల్ ఉండాల్సిన మట్టంలోనే ఉంది. ఈ పని మొదటి రోజే చేసుంటే పోయేది.

ఇక మిగిలింది స్పార్క్. పొద్దున నీలంగా టక్కుమన్నది, ఇప్పుడు సన్నగా పసుప్పచ్చగా వస్తోంది. స్పార్క్‌కి వోల్టేజీ పెంచే కాయిల్‌లో ప్రైమరీ చుట్టు చల్లగా 1.4 ఓమ్‌లు, వేడిగా 1.6. వేరే కాయిల్ పెట్టినా మార్పు లేదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే అసలు సంగతి కనిపించింది. 40 కిలోమీటర్ల కింద 0.020 అంగుళాల గ్యాప్‌తో పెట్టిన కొత్త పాయింట్స్ (కాయిల్ కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే కాంటాక్టులు) అప్పుడే మాడి, ఒకదాని మీద చిన్న బొడిపె, ఎదుటిదాని మీద గుంట.

అంటే కండెన్సర్, పాయింట్స్ విడిపోయేటప్పుడు వాటి మధ్య నిప్పురవ్వ లేవకుండా చూసే కెపాసిటర్. కొత్తది కదా అని దాని జోలికే పోలేదు నేను. మీటర్ పెడితే 0.22 మైక్రోఫారడ్, లక్షణంగా ఉంది. లీకేజీ కూడా లేదు. అనుమానం తీరక హెయిర్ డ్రయ్యర్‌తో 70 డిగ్రీలకు వేడిచేశాను. మీటర్‌కి అందనంత ఉన్న రెసిస్టెన్స్ కళ్ల ముందే జారుతూ 38 కిలో ఓమ్‌ల దగ్గర ఆగింది. మీటర్ పెట్టే వోల్టేజీ ఎంతని? పాయింట్స్ విడిపోయినప్పుడు వందల వోల్టులు లేచే చోట ఇంకెంత కారుతోందో. అదే పెట్టెలోని రెండోది 55 కిలో ఓమ్‌లకు పడింది. ఈ కొత్త నకళ్ల కంటే ఎనభై ఏళ్ల నాటి పాతవే నయం అనిపిస్తుంది ఒక్కోసారి.

ఇప్పటికి 630 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్ ఒకటి టంకం వేసి పెట్టాను. చూడ్డానికి ఏం బాలేదు, కానీ ఈ రోజు 58 నిమిషాలు ఆగకుండా తిరిగాను!

పూర్తిగా తేలలేదు లెండి. 40 నిమిషాలు దాటాక ఎత్తు ఎక్కేటప్పుడు ఒక తడబాటు ఉంది. బ్యాటరీ దగ్గర 6.2 వోల్టులు, పాయింట్స్ మూసుకుని ఉన్నప్పుడు కాయిల్ దగ్గర 5.3. ఉన్నదే 6, అందులో 0.9 దారిలో పోతే ఎలా? ఇగ్నిషన్ స్విచ్ లోపలి కాంటాక్టుల మీదే నా అనుమానం. 12 వోల్టులకు మార్చెయ్యమని సలహాలు వస్తున్నాయి, మార్చను. 6 వోల్టుల బండ్లకు చెడ్డపేరు తెచ్చేది ఎక్కువగా సన్నటి కేబుళ్లు, తుప్పు పట్టిన ఎర్తులే.

మిగతావి: బ్రేకు ఒక పక్కకి లాగడం పోయింది, హారన్ మోగుతోంది. ఎఫ్ ముద్ర ఉన్న అసలు ఫోర్డ్ బోల్టులు ఇంకో 11 దొరికాయి, వాటికి రంగు కూడా వెయ్యబుద్ధి కాలేదు.

స్విచ్ సంగతి తేలాక జీపు వెనక తగిలించే బాంటమ్ టీ3 ట్రైలర్ మీద పడాలి. చట్రం బాగానే ఉంది, నేల రేకు మాత్రం జల్లెడ. చక్రాలు జీపువే, 6.00-16, కాబట్టి టైర్ల వెతుకులాట తప్పింది.