బీ బయాలజీ రోడ్డులో ఒక పూట

శాక్రమెంటోలో మా అమ్మాయి ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ నేను అడుగుతున్నది ఒక్కటే. పక్కనే డేవిస్‌లో, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లో, తేనెటీగల కోసమే వేసిన తోట ఒకటి ఉంది, అది చూపించమని. డిగ్రీ కాలేజీలో ఏళ్ల తరబడి బాటనీ చెప్పినదాన్ని. పరాగసంపర్కం పాఠం బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పడమే గానీ, ఒక విద్యాసంస్థ దానికోసం ప్రత్యేకంగా నేల కేటాయించడం నేనెక్కడా చూడలేదు. ఏప్రిల్‌లో ఒక శనివారం ఎట్టకేలకు కుదిరింది.

దారిలో యోలో బైపాస్ అనే వరద నీరు మళ్లించే పల్లపు నేల మీద పొడవాటి వంతెన దాటాలి. కింద వరి పండించే నేలలు, అప్పటికింకా పైరేమీ లేదు. డేవిస్ చేరాక మెయిన్ క్యాంపస్‌ని పైపైనే చూశాం. ఎక్కడ చూసినా సైకిళ్లు. సోలార్ ప్లాంట్ ఉంది, వంటశాలల చెత్త నుంచి గ్యాస్ తీసి కరెంటు చేసే బయోడైజెస్టర్ 2014లో మొదలుపెట్టారు. మంచి పనులే, కానీ నా మనసంతా తోట మీదే ఉంది. హైవే దాటి పడమర వైపు, యూనివర్సిటీ విమానాశ్రయం దాపున, బీ బయాలజీ రోడ్డు. నిజంగానే ఆ రోడ్డు పేరు అదే! తేనెటీగల జన్యుశాస్త్రానికి ఆద్యుడని చెప్పుకునే హ్యారీ లైడ్‌లా పేరు పెట్టిన పరిశోధన కేంద్రం అక్కడే ఉంది. దాన్ని ఆనుకునే ఈ తోట.

విస్తీర్ణం అరెకరమే. 2006 చలికాలం నుంచి అమెరికాలో తేనెటీగల పెట్టెలకు పెట్టెలే ఖాళీ అయిపోయాయి. రాణి ఉంటుంది, పిల్లపురుగులుంటాయి, తేనె ఉంటుంది, కూలి ఈగలు మాత్రం కనిపించవు. ఆ కంగారులోనే హాగెన్‌డాజ్ ఐస్‌క్రీమ్ కంపెనీ ఈ తోటకి డబ్బిచ్చింది. బాదం, పళ్లు లేకపోతే వాళ్ల వ్యాపారానికీ ఇబ్బందే కదా. 2009లో మొక్కలు నాటి, 2010లో జనానికి తెరిచారు. టికెట్ లేదు. లోపల మొజాయిక్ పలకలతో చేసిన ఆరడుగుల తేనెటీగ బొమ్మ పలకరిస్తుంది. డోనా బిల్లిక్ అనే కళాకారిణి చేశారు. వెనక కాలికి పుప్పొడి బుట్ట కూడా పెట్టారు, అది చూసి నాకు చాలా సంతోషమేసింది.

పొద్దున చలిగా ఉండి ఈగలు సరిగ్గా లేవలేదు. ఎండ కాస్త చురుక్కుమన్నాక మొదలైంది సందడి. లావెండర్, సాల్వియా, నిలువెత్తు ఎఖియం పూల కంకులు, నేలబారున నారింజ రంగు కాలిఫోర్నియా పాపీ. పాపీలో మకరందం ఉండదు, పుప్పొడే ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని ఒక ఈగని చాలాసేపు చూశాను. పువ్వులో దూరి, ఒళ్లంతా పొడి పులుముకుని, గాల్లో ఆగి కాళ్లతో దువ్వుకుని, వెనక కాళ్ల మీద చిన్న నారింజ ముద్దలు అద్దుకుంది. ముద్దలు బరువెక్కాక తిన్నగా లైడ్‌లా పెట్టెల వైపు ఎగిరిపోయింది.

మా అమ్మాయి మరోవైపు నుంచి కేకేసింది. "అమ్మా, ఇదేంటి, పసుప్పచ్చగా ఇంత లావుంది!" వ్యాలీ కార్పెంటర్ బీ, మగది. ఒళ్లంతా బంగారు నూగు, ఆకుపచ్చ కళ్లు. ముఖం మీదికి దూసుకొచ్చినా కుట్టలేదు, మగవాటికి కొండి ఉండదు. ఆడది మాత్రం మన నల్ల తుమ్మెదకి అక్కచెల్లెలు. మునగ పూల మీద రొద పెట్టే తుమ్మెదలు లేని ఊరు మన దగ్గర ఉంటుందా?

నన్ను బాగా ఆకట్టుకున్నవి ఇలాంటి అడవి ఈగలే. తేనె పెట్టెల్లో పెంచే ఈగలు అమెరికావి కావు. 1622లో యూరప్ నుంచి వర్జీనియాకి తెచ్చారు, కాలిఫోర్నియాకి 1853లో చేరాయి. ఒకరకంగా అవి గొర్రెలూ బర్రెలూ లాంటి పెంపుడు జీవాలే. ఫిబ్రవరిలో ఇక్కడి బాదం తోటలు పూసినప్పుడు దేశం నలుమూలల నుంచి ఇరవై లక్షలకు పైగా పెట్టెలు లారీల్లో దిగుతాయి. వాటిని చూసుకునే యజమానులున్నారు. అడవి ఈగలకు ఎవరున్నారు?

డేవిస్‌లో రాబిన్ థార్ప్ అనే కీటక శాస్త్రవేత్త ఉండేవారు. 1994లో రిటైరయ్యాక కూడా పని ఆపలేదు. ఈ ఒక్క అరెకరంలోనే ఎనభైకి పైగా జాతుల ఈగల్ని నమోదు చేశారు. ఫ్రాంక్లిన్స్ బంబుల్ బీ అనే అరుదైన ఈగ చివరిసారి కనిపించింది కూడా ఆయనకే, 2006లో, ఓరెగాన్‌లోని మౌంట్ ఆష్‌లాండ్ దగ్గర. తర్వాత ఏటా వెతికారు, మళ్లీ దొరకలేదు. 2019లో ఆయన పోయారు. 2021లో ప్రభుత్వం దాన్ని అంతరించే ముప్పున్న జాతిగా ప్రకటించింది. తోటలో తిరుగుతున్నంతసేపూ ఆ పెద్దాయనే గుర్తొచ్చారు.

అడవి ఈగల్లో ఎక్కువ భాగం నేలలోనే గూళ్లు పెడతాయి. అందుకే ఇక్కడ కొంత మట్టిని ఏమీ కప్పకుండా వదిలేశారు. చెక్క దిమ్మెలకు సన్నటి బెజ్జాలు వేసి నిలబెట్టారు, వాటిలో లీఫ్‌కటర్ ఈగలు ఆకు ముక్కలు చుట్టి గూడు కట్టుకుంటాయి. అక్కడే ఒక రెడ్‌బడ్ చెట్టు ఆకుల అంచులు పంచింగ్ మెషిన్‌తో కొట్టినట్టు గుండ్రంగా తెగి ఉన్నాయి. మన కంది చేలల్లోనూ ఇదే జరుగుతుంది. ఆ ఆకు కోసే ఈగలే కందిపూలకు పరాగం మోసేవి. ఆ గుండ్రటి కోతలు చూసి పురుగు పట్టిందనుకుని మందు కొడితే నష్టపోయేది మన కందికాయే.

సాయంత్రం ఫొటోలు మా కాలేజీ ప్రిన్సిపాల్‌కి వాట్సాప్‌లో పెట్టాను. నా దగ్గర చదువుకున్నవాడే. "మనమూ పెడదాం మేడమ్, ఎన్ని పెట్టెలు కొనాలి?" అని వెంటనే ఫోన్ చేశాడు.

పెట్టెలు వద్దన్నాను. పూలు లేని చోట పెట్టెలు పెడితే ఉన్న కాసింత మకరందం కోసం అడవి ఈగలకు పోటీ తెచ్చినట్టే. ముందు ఏడాది పొడవునా ఏదో ఒకటి పూసేలా చూడాలి. తొలకరి పడగానే కంచె వెంట కుంకుడు, కానుగ, వేప, మునగ వేయించమన్నాను, మడుల్లో తులసి, పొద్దుతిరుగుడు. నేలలో గూళ్లు పెట్టే ఈగల కోసం హాస్టల్ వెనక ఎండ పడే జాగాని ప్రొక్లెయిన్‌తో చదును చేయించొద్దన్నాను.

"మరి ట్యాంకు కింద తుట్టె మేడమ్? పిల్లలు భయపడుతున్నారు. తగలబెట్టే మనిషిని రేపు రమ్మన్నాం."

అవి పెద్ద తేనెటీగలు. వాటిని పెట్టెల్లో పెంచలేం. పూల కాలానికి వస్తాయి, పూలు అయిపోగానే మైనం అక్కడే వదిలి వాటంతట అవే వెళ్లిపోతాయి. కదిలిస్తే ప్రమాదమే, ఆ భయం న్యాయమైనదే. దగ్గరికి ఎవరూ పోకుండా తాడు కట్టించు, పొగ పెట్టనీయకు, రాళ్లు వేయనీయకు, అవి వెళ్లేదాకా అటు వైపు దారి మూసేయమని చెప్పాను.

ఆ మనిషికి ఫోన్ చేసి రావద్దని చెప్తానన్నాడు. తాడు దగ్గర పెట్టే హెచ్చరిక బోర్డు మీద ఏం రాయాలో నన్నే పంపమన్నాడు.