ఒకటో తరగతి నుంచి మా అమ్మాయిని వెనక్కి తెచ్చుకున్నాం

టీసీ ఇవాళ మధ్యాహ్నం చేతికొచ్చింది. బీరువాలో పెట్టేసి ఇది రాస్తున్నాను. కోపం ఇంకా తగ్గలేదు, ఎక్కడైనా మాట తూలితే సర్దుకోండి.

మాది అమలాపురానికి దగ్గర్లో కాలవగట్టు మీద ఊరు. అమ్మాయి పుట్టింది 2020 సెప్టెంబరు 12న. 2023 వసంత పంచమికి అయినవిల్లి వినాయకుడి దగ్గర అక్షరాభ్యాసం చేయించాం. మూడో ఏట చేయించడం మా వాళ్ళ ఆనవాయితీ. అక్కడివరకూ బాగానే ఉంది. అక్షరాభ్యాసం అయింది కదా అని ఆ జూన్‌లోనే టౌన్లో ఓ ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీలో వేసేశాం. అప్పటికి దానికి రెండేళ్ళ తొమ్మిది నెలలు. వయసు చాలదేమోనని నేను నసిగితే, "పర్లేదు మేడం, మేం చూసుకుంటాం, సీట్లు అయిపోతున్నాయి" అన్నారు. ఇదుగో, ఆ "చూసుకుంటాం" ఇలా తగలడింది.

మావయ్యగారిని అడిగితే, "మా రోజుల్లో వయసెవడు చూశాడమ్మా? కుడి చెయ్యి నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి అందితే చేర్చుకునేవారు" అన్నారు. ఆయన పుట్టింది వైశాఖంలో. రికార్డులో మాత్రం జులై 1, మాస్టారు రాసేసిన తేదీ. సరదాగా చెప్తారు గానీ, నాకిప్పుడు అనిపిస్తోంది, ఆ చెయ్యి కొలతే నయం. చెవి అందకపోతే ఇంటికి పంపేసేవారు కదా!

ఈ జూన్‌లో ఒకటో తరగతి. వయసు నాలుగేళ్ళ తొమ్మిది నెలలు. ఇంకో ఏడాది యూకేజీలోనే ఉంచుదామని నేను అన్నాను. అత్తయ్యగారి లెక్క వేరు. స్కూలుకెళ్ళే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ఒకటో తరగతి నుంచే కదా, చేతికి 13,000 వస్తాయి కదా అని. తప్పు పట్టను, కొబ్బరి ధర ఎప్పుడెలా ఉంటుందో తెలియని ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. నేనూ ఊరుకున్నాను. నా తప్పు అదే.

ఏడుంబావుకి వ్యాను. పిల్ల సగం నిద్రలో ఎక్కేది, సాయంత్రం పూర్తి నిద్రలో దిగేది. నాలుగు గీతల పుస్తకంలో కలిపిరాత రాయమంటే పెన్సిల్ వేళ్ళల్లో నిలిచేది కాదు. వేళ్ళకి ఆ పట్టు రావడానికి టైం కావాలి, తిడితే వస్తుందా? ఆగస్టులో రెండుసార్లు క్లాసులోనే బట్టలు తడుపుకుంది. ఆయా మార్చి పంపింది, ఆవిడ పుణ్యాత్మురాలు. టీచరు డైరీలో రాసింది మాత్రం "స్లో లెర్నర్".

నాలుగేళ్ళ పిల్ల!

 

అసలు కథ స్కూల్లో. పాపని మళ్ళీ యూకేజీలో కూర్చోబెట్టమని అడగడానికి మొదటిసారి వెళ్తే గుమాస్తా, "సార్‌ని తీసుకురండి" అన్నాడు. సార్ అంటే మా ఆయన. రెండోసారి ఇద్దరం వెళ్ళాం, పాప కూడా ఉంది. కరస్పాండెంట్ గదిలో మరో నలుగురు తల్లిదండ్రులు కూర్చుని ఉన్నారు. ఆయన పాపని టేబుల్ దగ్గరికి పిలిచి, "ఎలిఫెంట్ స్పెల్లింగ్ చెప్పు" అన్నారు. అది నా చీర కొంగులో మొహం దాచుకుంది. "చూశారా? వయసు కాదండి ప్రాబ్లం, ఇంట్లో చదివించేవాళ్ళు లేరు" అన్నారు అందరికీ వినపడేలా. నేను బీఎస్సీ మ్యాథ్స్, కాలేజీ ఫస్టు. ఆ మాట అక్కడ నోటికి రాలేదు. ఇంటికొచ్చాక వంటింట్లో గిన్నెలకి చెప్పుకున్నాను.

మళ్ళీ యూకేజీలో కూర్చోబెట్టమంటే కుదరదన్నారు, పుస్తకాలు ఇచ్చేశారట. అయితే టీసీ ఇమ్మన్నాం. మూడోసారి వెళ్తే ఓ లెటర్ వాళ్ళే టైపు చేసి ఉంచారు: "మా అమ్మాయి చదువులో వెనకబడినందున మా ఇష్టపూర్వకంగా మానిపిస్తున్నాము." సంతకం పెట్టమన్నారు. మా ఆయన పెన్ను తీసేశారు కూడా. ఆయన తత్వం అంతే, గొడవ వద్దు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "వెనకబడినందున" కొట్టేసి "వయసు చాలనందున" అని రాయండి అన్నాను. ఫార్మాట్ మారదన్నారు. ఆ ఒక్క మాట మీద గంట నడిచింది. "రేపు ఎవరైనా ఈ కాగితం చూస్తే నా పిల్లకి బుర్ర లేదనుకోరా?" అంటే, గుమాస్తా నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోను.

అప్పుడు ఫోన్ తీసి, చేర్చినప్పటి దరఖాస్తు ఫోటో చూపించాను. పుట్టిన తేదీ, దాని పక్కనే వాళ్ళ సంతకం. "రెండేళ్ళ తొమ్మిది నెలల పిల్లని ఎల్‌కేజీలో చేర్చుకున్నది మీరు కదండీ? ఇది పట్టుకుని పైవాళ్ళ దగ్గరికి వెళ్ళమంటారా?" అన్నాను. గది నిశ్శబ్దం. లెటర్ మళ్ళీ టైపు చేశారు, నేను చెప్పిన మాటతోనే. చేర్చేటప్పుడు దరఖాస్తు ఫోటో తీసి పెట్టుకోండి, అంతకన్నా పెద్ద సలహా నా దగ్గర లేదు. ఆ, ఇంకోటి. మీరు రాయని మాట కింద సంతకం పెట్టకండి, మీ ఆయన తొందరపడినా సరే.

నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. 2020 జాతీయ విద్యా విధానం ఒకటో తరగతికి ఆరేళ్ళంటోంది. కేంద్రీయ విద్యాలయాల్లో 2022 నుంచి అదే రూలు. తల్లిదండ్రులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా మారలేదు. 2009 విద్యాహక్కు చట్టం కూడా ఆరు నుంచి పద్నాలుగు అనే చెప్తుంది. మన టౌన్లలో మాత్రం పక్కింటి పిల్లాడు చేరితే మన పిల్ల చేరాలి.

ఇప్పుడు మా వీధి చివర అంగన్‌వాడీలో వేశాను. ఆరేళ్ళ దాకా పిల్లల్ని ఉంచుకుంటారు, టీసీ ఊసే లేదు. బ్లాకులు పేరుస్తుంది, ఇసకలో వేలితో "అ" రాస్తుంది, గుడ్డు తిని ఇంటికొస్తుంది. మా పెద్దాడపడుచు ఫోన్ చేసి, "ఏమ్మా, పిల్ల తప్పిందంటగా?" అంది. పక్కన కూర్చున్న మావయ్యగారు ఫోన్ లాక్కుని, "తప్పలేదే, చెయ్యి ఇంకా చెవికి అందలేదు" అని పెట్టేశారు.

రెండో టర్మ్ ఫీజు ముందే కట్టేశాం, తిరిగి ఇస్తామన్నారు గానీ ఇంకా ఇవ్వలేదు. సోమవారం మళ్ళీ వెళ్తాను. ఈసారి మా ఆయన్ని కాదు, మావయ్యగారిని తీసుకెళ్తాను.